ఉద్యోగి నిలవడం వేరు, పనిలో మనసు నిలవడం వేరు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కొత్తగా మొదలైన కంపెనీకి, హైదరాబాదులో మొదలైన కంపెనీకి లేని సౌలభ్యం ఒకటి ఉంది. పొద్దున్నే ఇంట్లో తిని, క్యారియరు పట్టుకుని బయలుదేరి, చీకటి పడేవేళకు మళ్లీ ఇంటికి చేరగలిగే ఉద్యోగాన్ని ఇక్కడి కుటుంబాలు తేలిగ్గా వదులుకోనివ్వవు. తరాలుగా వలసలు చూసిన జిల్లాలివి. పని కోసం చెన్నైకో, హైదరాబాదుకో, విశాఖకో వెళ్లినవారు ఉద్దానం పల్లెల్లోనూ, బొబ్బిలి చుట్టుపక్కలా వీధి వీధికీ ఉంటారు. అటువంటి చోట ఊళ్లోనే దొరికిన నెల జీతానికి ఉన్న విలువ అంకెల్లో కనిపించేదానికంటే ఎక్కువ. అందువల్ల జీతం కొంత తక్కువైనా, పని కొంత విసుగు పుట్టించినా ఉద్యోగి ఉండిపోతారు. యజమాని హాజరు పట్టీ చూసుకుని, ఈ రెండేళ్లలో మానేసింది ఇద్దరే కదా, అంతా సవ్యంగానే ఉందని నమ్ముతారు. ఈ ప్రాంతపు చిన్న కంపెనీల్లో ఉద్యోగుల ఉత్సాహం గురించి ఆలోచించడం మొదలుపెట్టవలసింది ఆ నమ్మకాన్ని అనుమానించడంతోనే.

మానేయడానికి వీలులేక ఉండిపోయిన ఉద్యోగి ఆలస్యంగా రారు, ఎదురు చెప్పరు, అప్పగించిన పనిని అప్పగించినంత మేరకు చేసి పెడతారు. హాజరు పట్టీలో ఆ మనిషికీ, పనిని తనదిగా భావించే మనిషికీ తేడా ఏమీ ఉండదు. తేడా బయటపడేది వేరే చోట్ల: కస్టమరు ఫోను చేసి కోప్పడిన సంగతి యజమాని దాకా ఎంత త్వరగా చేరుతుంది, బిల్లులో తప్పు దొర్లితే చూసినవారు చెబుతారా లేక తమ పని కాదని ఊరుకుంటారా, కొత్తగా చేరినవారికి పని నేర్పడానికి ఎవరైనా తమంతట తాము కూర్చుంటారా అన్నవాటిలో. పెద్ద కంపెనీలో ఇలాంటి లోటును పద్ధతులూ, తనిఖీలూ, పర్యవేక్షకులూ కొంతవరకు పూడుస్తారు. పదిహేను మంది ఉన్న కంపెనీలో పూడ్చడానికి ఇంకెవరూ ఉండరు. అక్కడ నలుగురు మనసు తీసేశారంటే కంపెనీలో నాలుగో వంతుకు పైగా పేరుకు మాత్రమే నడుస్తున్నట్టు లెక్క.

1990లో అమెరికా పరిశోధకుడు విలియం కాన్ ఒక వేసవి శిబిరంలోనూ, ఒక ఆర్కిటెక్టుల సంస్థలోనూ పనిచేసేవారిని పరిశీలించి, మనిషి పనిలో పూర్తిగా నిమగ్నం కావాలంటే మూడు అంశాలు కలిసి రావాలని తేల్చాడు. చేస్తున్న పనికి అర్థముందని అనిపించాలి. సందేహం అడిగినా, తప్పు ఒప్పుకున్నా తనకు చేటు రాదన్న భరోసా ఉండాలి. ఆ వేళకు పనికి ఇవ్వడానికి ఒంట్లో ఓపిక, మనసులో తెరిపి ఉండాలి. ఈ మూడింటిలో జీతం పేరు లేదు. దాన్నిబట్టి జీతం అంత ముఖ్యం కాదని చాలామంది యజమానులు తీసే అర్థం మాత్రం వారికి అనుకూలంగా దొరికిన అపార్థమే. జీతం సరిగా రాని ఇంట్లో మూడో అంశం, అంటే మనసులో తెరిపి, ముందే పోతుంది.

ఈ రెండు పట్టణాల్నీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. విజయనగరం నుంచి విశాఖపట్నం దాదాపు 60 కిలోమీటర్లు. ఇంటి దగ్గరే ఉంటూ రోజూ అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగులు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. కాబట్టి విజయనగరంలోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ గాని, డయాగ్నొస్టిక్ సెంటరు గాని విశాఖ జీతాలతో నేరుగా పోటీ పడుతోంది. ఉద్యోగి ఇల్లు మారకుండానే కంపెనీ మారవచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖ 100 కిలోమీటర్ల పైమాట, పైగా రైలెక్కాలంటే ముందు ఆమదాలవలస దాకా వెళ్లాలి. రోజూ వెళ్లి రావడం కష్టం కనుక శ్రీకాకుళంలో మానేసేవారు కంపెనీతో పాటు ఊరునూ వదులుతారు. దీని ఫలితం రెండు రకాలుగా కనిపిస్తుంది. విజయనగరం కంపెనీ పని నేర్చుకున్నవారిని రెండు మూడేళ్లకే పోగొట్టుకుంటుంది. శ్రీకాకుళం కంపెనీకి మనుషులు నిలుస్తారు గాని, నిలిచినవారిలో చప్పబడిపోయినవారు ఎవరో తెలుసుకోవడం దానికి కష్టం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ విశాఖలో కార్యాలయం తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించింది. ఇటువంటివి పెరిగేకొద్దీ మొదటి రకం ఒత్తిడి భోగాపురం దాటి ఉత్తరానికి పాకుతుందే తప్ప తగ్గదు. రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, చింతలవలస ప్రాంతాల కాలేజీల నుంచి ఏటా బయటికొచ్చే ఇంజినీరింగ్ పట్టభద్రులకు స్థానిక కంపెనీ మొదటి మెట్టు మాత్రమే అవుతుందా, అంతకు మించి ఇంకేమైనా కాగలదా అన్నది ఇక్కడి యజమానుల ముందున్న అసలు సమస్య.

జీతం సంగతి వివరంగా చూడాలి. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, అతని సహచరులు అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లనూ అకౌంటెంట్లనూ ప్రశ్నించి 1959లో వెలువరించిన ఫలితాల ప్రకారం, జీతం, పని పరిస్థితులు, పైవారి తీరు బాగులేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పుట్టేది ఏదో సాధించామన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి, ఎదుగుదల నుంచి. మంచి జరిగితే తమ గొప్ప అనీ, చెడు జరిగితే కంపెనీ తప్పనీ చెప్పుకోవడం మనుషుల సహజ గుణం కాబట్టి, ఈ విభజనలో కొంత భాగం ప్రశ్న అడిగిన తీరులోంచే పుట్టిందన్న విమర్శ ఉంది, అందులో బలమూ ఉంది. అయినా చిన్న కంపెనీకి ఇందులోంచి అందే హెచ్చరిక ఒకటి నిలుస్తుంది: జీతం దగ్గర చేసిన తప్పును వేరే ఏ మంచితనంతోనూ సరిదిద్దలేరు.

ఆ తప్పుల్లో మొదటిది మొత్తం తక్కువ కావడం కాదు, తేదీ తప్పడం. నెల ముగిశాక ఏడో తేదీలోగా జీతం చెల్లించాలని చట్టం చెబుతోంది. పెద్ద కస్టమరు బాకీ రాలేదనో, బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు తేలలేదనో పదిహేనో తేదీ దాకా జీతాలు జాప్యం చేసే కంపెనీలో ఆ పదిహేను రోజులూ పనిచేసేది మనుషులే గాని మనసులు కావు. ఇక్కడ ఇంకో చిక్కుంది. చిన్న ఊళ్లో యజమానిని ఉద్యోగులు తరచుగా అన్నా అనే పిలుస్తారు, వారి ఇంట్లో శుభకార్యాలకు వెళ్తారు, అవసరానికి చేబదుళ్లు తీసుకుంటారు. ఆ చనువు వల్ల పని వాతావరణం తేలికపడుతుందన్నది నిజమే. అదే చనువు వల్ల ఆలస్యమైన జీతం గురించి నోరు తెరిచి అడగడం కష్టమవుతుంది. అడగలేని బాధ లోపలే ఉండి, పనిలో నిర్లిప్తతగా బయటికొస్తుంది. జీతం ఆలస్యమయ్యే సూచన ఉంటే ఆ సంగతి ఒకటో తేదీకి ముందే అందరికీ ఒకేసారి చెప్పి, ఏ తేదీకి ఎంత ఇస్తారో ఖాయం చేసిన యజమాని పట్ల ఉద్యోగులు ఆశ్చర్యపడేంత ఓర్పు చూపుతారు. అడిగినప్పుడల్లా రేపని దాటవేసేవారి పట్ల ఆ ఓర్పు ఉండదు.

రెండో తప్పు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) విషయంలో జరుగుతుంది. ఉద్యోగుల సంఖ్య 10కి చేరితే ఈఎస్ఐ, 20కి చేరితే పీఎఫ్ సాధారణంగా వర్తిస్తాయి. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ కింద యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కట్టాలి. పీఎఫ్‌లో ఇద్దరి వాటా 12 శాతం చొప్పున ఉంటుంది. ఖర్చు పెరుగుతుందని రిజిస్టరులో 19 మందినే చూపి నెట్టుకొచ్చే సంస్థలు ఆదా చేసుకున్న సొమ్ము కంటికి కనిపిస్తుంది, పోగొట్టుకున్నది కనిపించదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఆసుపత్రికి వెళ్లిన రోజున, పక్క కంపెనీలో పనిచేసే బంధువుకు ఉన్న కార్డు తనకు లేదని తెలిసిన ఉద్యోగి ఆ తరువాత కంపెనీ భవిష్యత్తు గురించి యజమాని చెప్పే ఏ మాటనూ నమ్మరు.

జీతాల గోప్యత మరో భ్రమ. నియామక పత్రంలో జీతం వివరాలు ఎవరితోనూ చెప్పరాదన్న వాక్యం రాసుకున్నా, ఒకే కాలేజీలో చదివి, ఒకే వీధిలో ఉండి, ఒకరికొకరు వరసైనవారు పనిచేసే చోట ఎవరికి ఎంత ఇస్తున్నారో నెల తిరక్కుండా తెలిసిపోతుంది. 1960లలో మనస్తత్వవేత్త జె. స్టేసీ ఆడమ్స్ చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది: మనిషి తనకు వచ్చేది ఎంతన్నది ఒక్కటే చూడడు, తాను పెట్టిన శ్రమకూ వచ్చిన ఫలానికీ ఉన్న నిష్పత్తిని పక్కవారి నిష్పత్తితో పోల్చుకుంటాడు, అది తక్కువనిపిస్తే శ్రమ తగ్గించి సరిచేసుకుంటాడు. కాబట్టి దాచిపెట్టాల్సిన జీతాల కంటే వివరించగల జీతాలు కావాలి. మూడు నాలుగు స్థాయిలు, ఒక్కో స్థాయికి కనిష్ఠం గరిష్ఠం, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లడానికి ఏం చేయగలగాలి అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకున్న కంపెనీలో అసంతృప్తి ఉండదని కాదు, ఉన్న అసంతృప్తికి సమాధానం దొరుకుతుంది.

ఈ కాగితం రాయడానికి యజమానులు జంకే కారణం తరచుగా బంధుత్వం. తెలిసినవారి పిల్లలు, ఊరి పెద్ద సిఫారసు చేసినవారు, అప్పు ఇచ్చి ఆదుకున్న మేనమామ కొడుకు మొదటి పదిమందిలో ఉండటం ఇక్కడ సహజం. ప్రారంభంలో నమ్మకస్తులు కావాలి కనుక అందులో తప్పు పట్టడానికేం లేదు. చిక్కు ఆ తరువాత వస్తుంది. బంధువు పని బాగులేదని చెప్పలేని చోట మిగతావారి పని బాగుందని చెప్పినా దానికి విలువ ఉండదు. ఎందుకంటే ఏ మాటైనా కొలిచి చెప్పింది కాదని అందరికీ తెలుసు.

ఇక ప్రోత్సాహకాల మాట. పని పెరగాలంటే పనినిబట్టి డబ్బివ్వాలన్నది చాలామందికి తొలుత తోచే ఆలోచన. అది పూర్తిగా తప్పు కాదు. అమెరికాలో కార్ల అద్దాలు మార్చే సేఫ్‌లైట్ అనే కంపెనీ గంటల జీతం నుంచి బిగించిన అద్దానికింత అనే పద్ధతికి మారినప్పుడు ఒక్కో కార్మికుని ఉత్పత్తి 44 శాతం పెరిగిందని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లజీర్ 2000లో చూపించాడు. అందులో సుమారు సగం ఉన్నవారు ఎక్కువ పనిచేయడం వల్ల వచ్చింది. మిగతాది చాలావరకు చురుకైనవారు చేరి, నెమ్మదైనవారు వెళ్లిపోవడం వల్ల వచ్చింది. ఆ పద్ధతి నెగ్గడానికి కారణం అక్కడ పని ఒకే రకంగా ఉండటం, లెక్కించడం సులువు కావడం, సరిగా బిగించని అద్దం ఎవరు బిగించారో వెంటనే తెలియడం.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమను చూస్తే ఇదే సూత్రానికి రెండో ముఖం కనిపిస్తుంది. పిక్కను కాల్చి, కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, గ్రేడు చేసే ఈ పనిలో ఎక్కువగా ఉన్నది మహిళలు. గుండు పప్పుకూ బద్దకూ ముక్కకూ మార్కెట్లో ధర వేరు, గుండులోనూ పరిమాణాన్ని బట్టి 210, 240, 320 వంటి గ్రేడులుంటాయి. పప్పు ఒలిచినవారికి తూకం మీద మాత్రమే కూలి కడితే చేయి వేగం పెరుగుతుంది, దాంతో పాటు విరిగిపోయే పప్పూ పెరుగుతుంది. కిలోకు మిగలాల్సిన లాభం ముక్కల్లో పోతుంది. గుండు శాతానికి కొంత విడిగా ఇస్తే చేయి నెమ్మదిస్తుంది గాని చూపు నిలుస్తుంది. దేనికి డబ్బిస్తామో అదే పెరుగుతుందన్నది ఎంత నిజమో, దేనికి ఇవ్వడం లేదో అది తరుగుతుందన్నదీ అంతే నిజం. పలాసలో కొత్తగా బ్రాండు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే యువ వ్యాపారులకు ఇది మరీ ముఖ్యం. వారి కస్టమరు డబ్బా తెరవగానే చూసేది విరగని గుండునే.

కొలవడం కష్టమైన పనుల్లో ఈ ప్రోత్సాహకాలు ఇంకా జాగ్రత్తగా వాడాలి. 1971లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకు ఘనాకారపు పజిల్ ముక్కలిచ్చి చేసిన ప్రయోగంలో, పరిష్కరించినందుకు డబ్బు తీసుకున్నవారు డబ్బు ఆగిపోయాక ఖాళీ సమయంలో ఆ పజిళ్ల జోలికి మునుపటికంటే తక్కువగా వెళ్లారు. ఇష్టంతో చేసే పనికి ధర కట్టడం వల్ల ఇష్టం సన్నగిల్లవచ్చని అతని వాదం. దీని మీద తరువాత చర్చ చాలా జరిగింది. అన్ని బహుమతులూ ఇటువంటి హాని చేయవనీ, ముందుగా షరతు పెట్టి ఎర చూపినవాటికే ఈ గుణం ఎక్కువనీ తేలింది. చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో రాసిన కోడుకింతని, సరిచేసిన తప్పుకింతని లెక్కగట్టడం వల్ల కోడూ పెరుగుతుంది, సరిచేయడానికి తప్పులూ పెరుగుతాయి. అటువంటి చోట నెలవారీ టార్గెట్ల కంటే ఏడాది చివర కంపెనీ లాభంలో ముందే ప్రకటించిన వాటాను పంచడం మేలు. బోనస్ నిబంధనలు కొత్త సంస్థలకు మొదటి ఐదేళ్లలో లాభం వచ్చిన ఏడాదికి మాత్రమే బోనస్ ఇవ్వాలన్న వెసులుబాటు కల్పిస్తున్నాయి. ఆ వెసులుబాటును వాడుకుంటూనే, లాభం వస్తే ఎంత, రాకపోతే ఏమీ లేదన్న లెక్కను ఏడాది మొదట్లోనే అందరి ముందూ పెట్టవచ్చు.

డబ్బు ఒక స్థాయికి చేరాక మనిషిని రోజువారీ పనిలో నిలబెట్టేది పని ముందుకు కదులుతోందన్న గ్రహింపే. హార్వర్డ్ పరిశోధకురాలు టెరెసా అమబిలే బృందం ఏడు కంపెనీల్లోని 238 మంది రాసిన 12,000కు దగ్గరగా ఉన్న రోజువారీ డైరీ నమోదులను విశ్లేషించినప్పుడు, బాగా గడిచిన రోజుల్లో అన్నింటికంటే తరచుగా కనిపించింది చిన్నదైనా సరే అర్థవంతమైన పనిలో ఒక అడుగు ముందుకు పడటం. పొగడ్తలూ బహుమతులూ దాని తరువాతే. దూరాన ఉన్న కస్టమర్లకు పనిచేసే కంపెనీల్లో సరిగ్గా ఇదే లోపిస్తుంది. హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో ఒక పనిముక్క వస్తుంది, విజయనగరంలో ఒకరు దాన్ని పూర్తి చేసి తిరిగి పంపుతారు, అది ఎక్కడ అమరిందో, ఎవరికి ఉపయోగపడిందో తిరిగి తెలియదు. ఏడాది గడిచినా చెప్పుకోవడానికి ఒక వస్తువు ఉండదు. వారానికొకసారి అరగంట కూర్చుని, పంపిన పనుల్లో ఏది వాడుకలోకి వచ్చింది, ఏది తిరిగొచ్చింది, ఎందుకు తిరిగొచ్చింది అన్నవి కస్టమరు మాటల్లోనే వినిపించడానికి ఖర్చేమీ కాదు.

స్థానికంగా అమ్మే కంపెనీలకు ఈ విషయంలో పట్టణం చిన్నది కావడమే పెద్ద వరం. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజినీరు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆసుపత్రి కౌంటరు పక్కన ఒక పూట కూర్చుంటే, తాను రాసిన పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయంలో వరుసలో నిలబడ్డవారి ముఖాలు ఎలా మారుతున్నాయో స్వయంగా చూడగలరు. బెంగళూరులో కూర్చుని దేశమంతటికీ రాసేవారికి ఈ అవకాశం దొరకదు. అయినా ఇక్కడి కంపెనీలు దీన్ని వాడుకోవడం అరుదు. కస్టమరు దగ్గరకు వెళ్లే పని యజమాని తన చేతుల్లోనే ఉంచుకుంటారు.

ఉత్సాహం ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. కంపెనీ పుట్టినప్పుడు యజమానే అమ్మకందారు, గుమస్తా, తనిఖీదారు, కొన్నిసార్లు డెలివరీ మనిషి కూడా. ఎనిమిది మంది ఉన్నప్పుడు ప్రతి నిర్ణయం ఆ ఒక్కరి బల్ల మీదుగా పోవడం వేగాన్ని పెంచుతుంది. పాతిక మంది అయ్యాక అదే పద్ధతి కంపెనీని కట్టిపడేస్తుంది, అంతకంటే ముందు మనుషుల్ని కట్టిపడేస్తుంది. మూడువేల రూపాయల ప్రింటరు కాట్రిడ్జి కొనడానికీ, కస్టమరుకు రెండు రోజుల గడువు ఇవ్వడానికీ యజమాని విశాఖ నుంచి తిరిగొచ్చేదాకా ఆగాల్సిన చోట నాలుగేళ్ల అనుభవమున్న ఉద్యోగి కూడా మొదటి రోజు ట్రైనీలాగే ఉండిపోతారు. అధికారం అప్పగించడమంటే బాధ్యతను మాటల్లో అప్పగించడం కాదు. ఎంత మొత్తం దాకా ఎవరిని అడగకుండా ఖర్చు చేయవచ్చు, ఏ మార్పును ఎవరు సొంతంగా ఆమోదించవచ్చు అన్న హద్దులు గీయడం, ఆ హద్దు లోపల జరిగిన నిర్ణయం యజమానికి నచ్చకపోయినా అందరి ముందూ తిప్పికొట్టకపోవడం. ఈ రెండోది చాలా కష్టం. ఒక్కసారి తిప్పికొడితే చాలు, మళ్లీ ప్రతి కాగితమూ సంతకానికి ఆ బల్ల మీదికే వస్తుంది.

మొదటి ఐదారుగురి పరిస్థితి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బోర్డు కూడా లేని రోజుల్లో చేరి, అద్దె గదిలో కింద కూర్చుని పనిచేసినవారు వీరు. కంపెనీ పెరిగాక విశాఖ నుంచో హైదరాబాదు నుంచో అనుభవమున్న మేనేజరును రెట్టింపు జీతం మీద తెచ్చి వీరి నెత్తిన పెట్టడం సాధారణంగా జరిగే పని. కంపెనీకి ఆ నైపుణ్యం అవసరమే కావచ్చు. పాతవారందరూ నాయకత్వానికి పనికిరాకపోవచ్చు కూడా. కాని ఆ సంగతి కొత్త మనిషి వచ్చిన రోజు వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకున్న పాత ఉద్యోగి ఆ రోజు నుంచే ఉండిపోయిన ఉద్యోగిగా మారతారు. బయటి మనిషిని వెతకడానికి ముందే పాతవారితో విడివిడిగా మాట్లాడి, ఆ స్థానానికి ఏమేం రావాలో చెప్పి, నేర్చుకుంటామన్నవారికి గడువిచ్చి, మనుషుల్ని నడపడం ఇష్టం లేనివారికి నైపుణ్యం మీదే జీతం పెరిగే మరో దారి చూపడం అవసరం. అందరి ఎదుగుదలకూ మేనేజరు కుర్చీ ఒక్కటే దారైన కంపెనీలో మంచి పనివాళ్లు చెడ్డ మేనేజర్లవుతారు, లేదా మానేస్తారు.

కాన్ చెప్పిన మూడో అంశం, అంటే ఓపికా తెరిపీ, ఈ జిల్లాల్లో క్యాలెండరుతో ముడిపడి ఉంది. ఉద్యోగుల్లో చాలామంది ఇళ్లలో ఇంకా వ్యవసాయం ఉంది. ఉడుపుల వేళా, కోతల వేళా ఇంటికి మనిషి కావాలి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దానికి ముందురోజు తొలేళ్లు జరుగుతుంటే విజయనగరం కంపెనీలో ఆ రెండు రోజులూ సమీక్షా సమావేశం పెట్టడం ఎంత వృథాయో చెప్పనక్కర్లేదు. జాతీయ సెలవుల జాబితాను ఎక్కడినుంచో తెచ్చి అతికించడం కంటే, స్థిర సెలవులు తగ్గించి, గ్రామదేవత పండుగకో పొలం పనికో ఎవరికి వారు ఎంచుకునే సెలవులు నాలుగైదు పెంచడం ఖర్చులేని మేలు. తుపాన్ల సంగతి వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేని, రోడ్లు తెగిన రోజులు గడిచిన ప్రాంతమిది. అటువంటి వారంలో రాలేనివారి జీతం కోసిన యజమానినీ, ఇల్లు ఎలా ఉందని కబురు చేసిన యజమానినీ ఇక్కడి మనుషులు ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు.

మహిళా ఉద్యోగుల విషయంలో నిర్ణయించేది తరచుగా బస్సు. ఎనిమిదింటికి ముగిసే షిఫ్టు ఊరికి వెళ్లే చివరి బస్సును దాటిపోతే, ఎంత నచ్చిన ఉద్యోగమైనా పెళ్లి సంబంధాల నాటికి ఇంట్లో చర్చకొస్తుంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. దాంతో నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వచ్చే ఉద్యోగినికి నెలకు మిగిలే సొమ్ము జీతం పెంపుతో సమానం. అదే బస్సు విజయనగరం ఉద్యోగినిని విశాఖకూ ఉచితంగానే తీసుకెళ్తుంది కనుక, దారి ఖర్చు భయంతో నిలిచినవారు ఇకపై ఆ కారణంగా నిలవరు. పనివేళలను బస్సు వేళలకు అరగంట అటూ ఇటూ జరపడం, 26 వారాల ప్రసూతి సెలవు తరువాత తిరిగొచ్చినవారికి పాత పనినే ఇవ్వడం వంటివి ఈ పోటీలో జీతంకంటే ఎక్కువ పనిచేస్తాయి.

స్టార్టప్ కథలు చదివి ఉద్యోగులకు షేర్లిస్తామనే యజమానులు ఇక్కడా కనిపిస్తున్నారు. ముందుగా చూసుకోవాల్సింది కంపెనీ రూపం. సొంత వ్యాపారంగానో, భాగస్వామ్యంగానో, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)గానో నమోదైన సంస్థకు షేర్లే ఉండవు. ప్రైవేట్ లిమిటెడ్ అయినా, షేరు హక్కు ఇచ్చిన తేదీ నుంచి అది చేతికందడానికి కనీసం ఏడాది విరామం ఉండాలని కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. ఆ హక్కును వినియోగించుకున్నప్పుడు వచ్చే ప్రయోజనం జీతంలో భాగంగా పన్నుకు లోబడుతుంది. ఎప్పుడు, ఎవరికి, ఎంతకు అమ్ముకోవచ్చో చెప్పలేని కాగితానికి, ఇంటి రుణం వాయిదా కట్టాల్సిన కుటుంబంలో విలువ ఏముంటుందో ఊహించవచ్చు. పెట్టుబడిదారులు రానున్న కంపెనీకి తప్ప, మిగతావారికి లాభంలో వాటాయే సూటి దారి.

మనుషుల్ని నిలపడానికి కొందరు ఎంచుకునే మరో దారి బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం. కనీసం మూడేళ్లు పనిచేయాలనీ, లేకుంటే 2 లక్షల రూపాయలు చెల్లించాలనీ పెట్టిన షరతును విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించిన మాట నిజం. అక్కడ కోర్టు చూసింది బహిరంగ ప్రకటనతో, పోటీ ప్రక్రియతో ప్రభుత్వరంగ బ్యాంకు చేసే నియామకానికయ్యే ఖర్చును. దాన్ని చూపి, పదిరోజులు పని నేర్పిన ప్రతి కంపెనీ బాండు రాయించుకోవడం చట్టపరంగానూ నిలవడం కష్టం, అంతకుమించి ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నంతకాలం ఉద్యోగి కుర్చీలో ఉంటారు, ఆలోచన మాత్రం ఆ బీరువా చుట్టూ తిరుగుతుంది. నేర్పిన ఖర్చు నిజంగా భయపెడుతుంటే, నేర్పిన పనికి తగ్గట్టు ఆరు నెలలకే జీతం సవరించడం చౌక. పని నేర్చుకున్నవారు వెళ్లేది సాధారణంగా నేర్చుకున్న విలువను ముందుగా గుర్తించిన చోటికే.

ఉద్యోగుల మనసులో ఏముందో తెలుసుకోవడానికి పెద్ద కంపెనీలు పేర్లు లేని సర్వేలు వాడతాయి. పన్నెండు మంది ఉన్న చోట పేరు లేని సర్వే అన్నది ఉత్తమాట, వాక్యం చూస్తే రాసింది ఎవరో తెలుస్తుంది. నెలకొకసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, ఈ నెల ఏ పని మధ్యలో ఆగింది, ఎందుకు ఆగింది అని అడగడం మేలు. సంతోషంగా ఉన్నావా అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. ఆగిన పని గురించి అడిగితే మనుషుల గురించీ, యజమాని గురించీ కూడా సమాచారం వస్తుంది. అలా వచ్చిన మాటల్లో ఒక్కటైనా వచ్చే నెలలోగా సరిచేస్తేనే ఆ తరువాతి నెల నిజమైన జవాబు దొరుకుతుంది.

ఇన్ని చేసినా కొందరు వెళతారు. 24 ఏళ్ల ఇంజినీరుకు బెంగళూరు చూడాలని ఉండటం కంపెనీ వైఫల్యం కాదు. వెళ్లేవారి పట్ల ప్రవర్తన మాత్రం పూర్తిగా యజమాని చేతిలో ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా చూసేది వెళ్లేవారికంటే ఉన్నవారే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారి వేతన బకాయిని రెండు పనిదినాల్లోగా చెల్లించాలి. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం, పీఎఫ్ ఖాతాలో చివరి తేదీ నమోదు కూడా అదే వారంలో ముగించగలిగితే, ఒకటి రెండేళ్ల తరువాత బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొచ్చేవారిలో కొందరు మొదట ఫోను చేసేది ఆ పాత కంపెనీకే. పెళ్లయ్యాకో, తల్లిదండ్రుల ఆరోగ్యం కోసమో ఊరికి తిరిగొచ్చే అనుభవజ్ఞులు ఈ రెండు జిల్లాల్లో ఏటా ఉంటారు. విశాఖలో కొత్తగా కార్యాలయాలు తెరిచే కంపెనీలు కూడా ఎదురుచూస్తున్నది వారికోసమే.